పర్ఫెక్షనిజం మీద పాత పరిశోధననే మళ్లీ చేయడం దండగా?

ఎంఈడీ_అనంతపురం: చదువులో బాగా ముందుండే ఆరో తరగతి పిల్లల మీద వేన్ పార్కర్ అమెరికాలో చేసిన పరిశోధన (1997) ఉంది. 820 మందిని మూడు గుంపులుగా చూపించారు: పర్ఫెక్షనిజం (ఏ చిన్న తప్పూ రాకూడదన్న పట్టుదల) లేనివాళ్లు, దానివల్ల మేలు పొందేవాళ్లు, దానివల్ల నలిగిపోయేవాళ్లు. అదే పద్ధతిలో మన దగ్గర చేస్తానంటే మా గైడ్ ‘ఎప్పుడో తేలిపోయింది, కొత్తది చూసుకో’ అన్నారు. మీరేమంటారు?

లెక్కల_టీచర్: గైడ్ గారి మాటే సబబు. మా క్లాసులో ఒక పాప తప్పొస్తుందేమోనన్న టెన్షన్‌తో తెలిసిన లెక్కకు కూడా చెయ్యెత్తదు. ఆ పిల్లకు నేనేం చేయాలో చెప్పే పరిశోధన కావాలి. గుంపులు మళ్లీ లెక్కపెడితే ఏం వస్తుంది?

విశాఖ_స్టాట్స్: తేలిపోలేదండీ. ఫెలీషియా డిక్సన్ బృందం 2004లో పార్కర్ వాడిన ఫ్రాస్ట్ ప్రశ్నావళే (పర్ఫెక్షనిజాన్ని కొలిచే ప్రశ్నల జాబితా) వాడితే నాలుగు గుంపులు వచ్చాయి. వాళ్లు హైస్కూలు పిల్లలు. మరి తేడా వయసుదా, బడిదా, లెక్కకట్టిన తీరుదా? ఒకేలాంటి జవాబులిచ్చినవాళ్లను గుంపుగా చేర్చే ఈ క్లస్టర్ విశ్లేషణకు ఏ డేటా ఇచ్చినా ఏవో గుంపులు చేసి చేతిలో పెడుతుంది. వేరే చోట వేరేవాళ్లు చేసినా అవే వస్తేనే నమ్మకం. మేకల్, ప్లకర్ అనే పరిశోధకులు 2014లో 100 విద్యా పరిశోధన పత్రికలు గాలిస్తే, మళ్లీ చేసిన పరిశోధనలు 0.13 శాతమే కనిపించాయి. అందులోనూ మొదట చేసినవాళ్లే తిరిగి చేసినప్పుడు పాత ఫలితం ఎక్కువగా వచ్చింది, బయటివాళ్లు చేస్తే తగ్గింది. ఇది చూశాక కూడా దండగ అని ఎలా అంటాం?

ఇద్దరు_పిల్లల_అమ్మ: ఆ ప్రశ్నావళిలో తల్లిదండ్రుల ఆశలు, మందలింపుల మీదా ప్రశ్నలున్నాయి కదా. ఆరో తరగతికే ఐఐటీ ఫౌండేషన్‌లో చేర్పించే ఇళ్లలో ఆ స్కోరు చాలామందికి ఎక్కువే వస్తుంది. అంతమాత్రాన అందరూ నలిగిపోతున్నట్టేనా?

విశాఖ_స్టాట్స్: మేడమ్, ఇక్కడ మళ్లీ చేయాలనడానికి ఇంతకంటే గట్టి కారణం నాకు కనిపించదు.

లెక్కల_టీచర్: ఇది ఒప్పుకుంటాను. కానీ ఫలితాలు అచ్చయ్యేసరికి మా పాప పదో తరగతి దాటిపోతుంది. అప్పటిదాకా ఆగమంటే ఆగను.

విశాఖ_స్టాట్స్: ఆగొద్దండీ, దగ్గర కూర్చోబెట్టుకుని ధైర్యం చెప్పండి. ఫలానా రకం పిల్ల అని ముద్ర మాత్రం వేయకండి.

ఎంఈడీ_అనంతపురం: అయితే అదే వయసు, అవే ప్రశ్నలు. తల్లిదండ్రుల భాగం ఉంచి ఒకసారి, తీసేసి ఒకసారి లెక్కకడతాను. రెండు లెక్కల్లో గుంపు మారిన పిల్లలెందరో చూపిస్తే గైడ్ గారు కాదనకపోవచ్చు.