మోటారు ఆదేశానికి క్యూఓఎస్ 1 చాలా, 2 ఉండాల్సిందేనా?

బోరుబావి: ఊళ్లో నాన్న బోరు మోటారుకి ఫోన్‌తో నడిచే స్టార్టర్ పెట్టాను. సిమ్ వేసిన చిన్న బోర్డు, పరికరాల మధ్య మెసేజ్‌లు నడిపే పద్ధతి ఎంక్యూటీటీ, మధ్యలో వాటిని అందుకుని అటు పంపే సర్వర్, అంటే బ్రోకర్. ఆదేశం ఒక్కటే, "మార్చు". ఆగి ఉంటే తిరగాలి, తిరుగుతుంటే ఆగాలి. మొన్న రాత్రి నొక్కితే మోటారు ఎక్కి, అర నిమిషం తిరక్కుండానే ఆగిపోయింది. మడి తడవలేదు. లాగ్ తెరిస్తే ఒకే మెసేజ్ రెండుసార్లు ఉంది, రెండోదానికి డప్ బిట్ (మళ్లీ పంపినదన్న గుర్తు) 1. ఇప్పుడున్నది క్యూఓఎస్ 1, అంటే మెసేజ్ కనీసం ఒకసారి అందుతుందన్న హామీ; 2 అయితే సరిగ్గా ఒక్కసారే. ఇక 2కి మారడమే దారి అంటాను. కాదంటే ఎందుకో చెప్పండి.

సర్వర్_గది: మారండి. 1 అంటే పబ్‌యాక్ (అందిందన్న రసీదు) వచ్చేదాకా వదలకపోవడం. మీ బోర్డు మెసేజ్ తీసుకుంది, పబ్‌యాక్ బ్రోకర్‌కి చేరేలోపు సిగ్నల్ తెగింది. మళ్లీ కలవగానే బ్రోకర్ తన పని తాను చేసింది, అదే మెసేజ్ మళ్లీ పంపింది. 2లో పబ్లిష్, పబ్‌రెక్, పబ్‌రెల్, పబ్‌కాంప్ అని నాలుగు ప్యాకెట్లు నడుస్తాయి. రెండోసారి పని జరగదు.

కొత్త_విద్యార్థి: సర్, కింద ఉన్నది టీసీపీ (ఇంటర్నెట్‌లో డేటాను వరుస తప్పకుండా చేర్చే పద్ధతి) కదా? డూప్లికేట్లు అదే తీసేయాలి కదా?

మెట్ట_రైతు: తీసేస్తుంది తమ్ముడూ, ఆ కనెక్షన్ బతికున్నంత వరకే. తెగి కొత్తది కలిస్తే, డూప్లికేట్లను పట్టే సీక్వెన్స్ నంబర్లు మళ్లీ మొదలు. పాత కనెక్షన్‌లో ఏం అందిందో దానికి తెలియదు.

బోరుబావి గారూ, 2 వద్దు. తప్పు ఆ "మార్చు"లో ఉంది. "ఆన్ చెయ్", "ఆఫ్ చెయ్" అని రెండు వేరు ఆదేశాలు పెట్టండి. "ఆన్ చెయ్" పదిసార్లు వచ్చినా మోటారు తిరుగుతూనే ఉంటుంది. పైగా 2 హామీ ఫోన్ నుంచి బ్రోకర్‌కి ఒకటి, బ్రోకర్ నుంచి బోర్డుకి ఇంకొకటి. ఫోన్ నుంచి మోటారు దాకా కాదు. డూప్లికేట్‌ని గుర్తుపట్టే ప్యాకెట్ నంబరు బోర్డు ర్యామ్‌లో ఉండగా కరెంటు పోతే ఆ హామీ కూడా గల్లంతే. కాంటాక్టర్ (మోటారుకి కరెంటు కలిపే స్విచ్) పట్టిందా, మోటారు ఆంప్స్ లాగుతోందా అన్నది బోర్డు కొలిచి తిరిగి పంపితేనే తెలుస్తుంది. కంప్యూటర్ శాస్త్రవేత్తలు సాల్ట్‌జర్, రీడ్, క్లార్క్ 1984 వ్యాసంలో వాదించింది ఇదే: పూర్తి భరోసా చివర్లలోనే కట్టాలి, మధ్య దారి ఎంత గట్టిదైనా అది తీరదు.

ఇంకోటి, ఇది ప్రాణాల విషయం. ఆదేశానికి రిటైన్ బిట్ (చివరి మెసేజ్‌ని బ్రోకర్ దాచి ఉంచాలన్న గుర్తు) అస్సలు పెట్టొద్దు. కరెంటు పోయి వచ్చాక బోర్డు కలవగానే ఎప్పటిదో "ఆన్ చెయ్" చేతికొస్తుంది. ఆ సమయానికి ఎవరైనా స్టార్టర్ డబ్బా విప్పి ఉంటే? 2019లో వచ్చిన ఎంక్యూటీటీ 5లో మెసేజ్‌కి గడువు పెట్టొచ్చు. 60 సెకన్లు పెట్టండి.

సర్వర్_గది: గడువు మాట నిజం, నాకు తట్టలేదు. ఆదేశాల వరకు ఒప్పుకుంటాను. కానీ నీటి లెక్క సంగతేంటి? "ఇంకో 100 లీటర్లు" అన్న మెసేజ్ రెండుసార్లు వస్తే లెక్క తప్పుతుంది. అక్కడ 2 కావాల్సిందే.

మెట్ట_రైతు: "ఇంకో 100" ఎందుకండీ? మీటర్ మీద ఉన్న మొత్తం అంకె పంపండి. రెండుసార్లు వచ్చినా అదే అంకె, ఒకటి పోయినా తర్వాతది సరిచేస్తుంది.

బోరుబావి: ఆదేశాలు విడగొట్టాను, గడువు పెట్టాను. బోర్డు యాంటెన్నా పీకి, పెట్టి, పదిసార్లు చూశాను. డప్ బిట్‌తో మూడు వచ్చాయి, మోటారు ఆగలేదు. క్యూఓఎస్ 1లోనే ఉంచుతున్నాను. ఆంప్స్ కొలిచే కాయిల్ రేపు బిగిస్తాను.