వాడని డివైసుల కోడు క్యూఈఎంయూ (ఒక మెషిన్ లోపల వర్చువల్ మెషిన్లు, అంటే వీఎంలు, నడిపే సాఫ్ట్‌వేర్) బిల్డ్‌లోంచి పీకేయాలా వద్దా?

నిద్రలేని_అడ్మిన్: పీకేయాల్సిందే. 2015లో బయటపడ్డ వెనమ్ అనే సెక్యూరిటీ లోపం గుర్తుందిగా? ఫ్లాపీ కంట్రోలర్ కోడులో బగ్, 2004 నుంచీ ఉంది. వీఎంకి ఫ్లాపీ వద్దన్నా ఆ కోడు మాత్రం లోపల నడుస్తూనే ఉండేది, గెస్ట్‌లోంచి (అంటే వీఎం) హోస్ట్‌లోకి (దాన్ని నడిపే అసలు మెషిన్) దారి దొరికింది. ఇలాగే వీఎంలు నడిపే ఫైర్‌క్రాకర్ 2018లో నాలుగైదు డివైసులతోనే వచ్చింది, పని జరగట్లేదా?

పాతసర్వర్: ఫ్లాపీ ఎవరూ వాడరని ఎవరు చెప్పారు బాబూ? విండోస్ ఎక్స్‌పీ సెటప్‌లో డిస్క్ డ్రైవర్ ఫ్లాపీ ఇమేజ్ నుంచే ఇచ్చేవాళ్లం. నేను పనిచేసిన చోట ఒకాయన ఇలాగే అనవసరం అని ఒక డివైస్ తీసేసి బిల్డ్ పెట్టాడు, ఎవరికీ చెప్పలేదు, పాత హోస్ట్ నుంచి నడుస్తున్న వీఎంలు కొత్తదానికి మైగ్రేట్ కాలేదు (తరలలేదు), అటు ఉన్న డివైస్ ఇటు లేకపోతే దాని స్టేట్ ఎక్కడికి పోతుంది, రెండు రాత్రులు నేనే కూర్చున్నా.

చిన్నపెంగ్విన్: ఎక్స్‌పీ ఇంకా ఉందా??

పాతసర్వర్: ఉంది. ప్రశ్న అది కాదు.

నిద్రలేని_అడ్మిన్: అదే ప్రశ్న అన్నా. మీ ఒక్క ఎక్స్‌పీ కోసం మిగతా వీఎంలన్నీ ఆ కోడు మోయాలా?

లింకర్‌గాడు: పీకడమంటే ఏంటో ముందు తేల్చండి. విడి మాడ్యూల్ చేసి డీఎల్‌ఓపెన్‌తో (ప్రోగ్రామ్ నడుస్తుండగా) లోడ్ చేస్తే ఎల్‌డీడీలో (ప్రోగ్రామ్‌కి ఏ లైబ్రరీలు కావాలో చూపే టూల్) కనిపించదు అంతే, డిపెండెన్సీ అలాగే ఉంటుంది. 2024లో ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ లైబ్రరీలో ఎవరో దొంగదారి (బ్యాక్‌డోర్) పెట్టింది చూడండి, రిమోట్ లాగిన్‌కి వాడే ఓపెన్ఎస్ఎస్‌హెచ్‌కి ఆ లైబ్రరీతో నేరుగా సంబంధమే లేదు, కొన్ని లినక్స్ డిస్ట్రోలు సిస్టమ్‌డీ (సర్వీసులు నడిపే ప్రోగ్రామ్) కోసం వేసిన ప్యాచ్ వెనకాల వచ్చింది.

నిద్రలేని_అడ్మిన్: అన్నా, మీవి రెండు రాత్రులు. వెనమ్‌కి ప్యాచ్ వేశాక నడుస్తున్న ప్రతి వీఎంనీ ఆపి మళ్లీ లేపాల్సొచ్చింది, ఒక్కొక్కళ్లకీ ఫోన్ చేసి బతిమాలింది నేను. మేం అసలు పెట్టుకోని ఫ్లాపీ కోసం!

పాతసర్వర్: తీయొద్దని నేనెక్కడన్నాను? చెప్పకుండా తీయొద్దంటున్నా. ఏ మెషిన్ టైప్ (వీఎంకి చూపే హార్డ్‌వేర్ నమూనా) ఏ డివైస్‌ని లాక్కొస్తుందో, కేకాన్ఫిగ్‌లో (బిల్డ్‌లో ఏం చేర్చాలో చెప్పే ఫైళ్లు) ఒకటి ఎంచుకుంటే వెంట ఇంకేం లాక్కొచ్చే 'సెలెక్ట్' వెనక ఏముందో ఒకచోట రాయండి, అప్పుడు తీయండి.

నిద్రలేని_అడ్మిన్: రాసేదెవరు? ఆర్నెల్లకి ఆ లిస్టు ఒకటి చెప్తుంది, బైనరీ ఇంకోటి చెప్తుంది. నాకు లిస్టు మీద నమ్మకం లేదు, అక్కడ లేని కోడు మీదే ఉంది.

లింకర్‌గాడు: చేత్తో ఎందుకు రాయడం? బిల్డ్ కాన్ఫిగ్ నుంచే తీసి, పాత బిల్డ్‌తో తేడా పంపితే సరి.

పాతసర్వర్: ఆ తేడా నాకు వారం ముందు రావాలి. ఒప్పుకుంటే ఫ్లాపీతోనే మొదలెట్టండి.