గోలీల రిమైండర్ యాప్ రెండు రోజులకే మోగుడు బంద్ అయితున్నది, ఏం చెయ్యాలె?

ప్రశ్న (మెడికల్ షాప్ ఫార్మసిస్ట్, దేవరకొండ)

నెలనెలా బీపీ, షుగర్, థైరాయిడ్ గోలీలకు వచ్చేటోళ్ల ఫోన్లల్ల మెడిసేఫ్ లాంటి రిమైండర్ యాప్‌లు వేసి ఇస్తున్నం. రెండు రోజులు మోగుతది, తర్వాత సప్పుడు ఉండదు. చదువురాని పెద్దోళ్లకు స్క్రీన్ మీది రాత ఎట్లా పనికిరాదు. ఇంకోటి, కెమెరా మీద వేలు పెడితే బీపీ చూపిస్తదనే యాప్‌లు పట్టుకొచ్చి "నార్మల్ ఉంది, గోలి ఆపాల్నా?" అని అడుగుతున్నరు. వీళ్లకు ఏం చెప్పాలె?

జవాబు 1 (క్లినికల్ ఫార్మసిస్ట్, నల్లగొండ)

మోగకపోవడానికి ఎక్కువసార్లు కారణం యాప్ కాదు, ఫోన్‌లో బ్యాటరీ పొదుపు. షావోమీ, వివో, ఒప్పో, రియల్‌మీ ఫోన్లు వాడకంలో లేని యాప్‌ను వెనక నుంచి ఆపేస్తాయి. సెట్టింగ్స్‌లో ఆ యాప్ పేజీ తెరిచి ఆటోస్టార్ట్ ఆన్ చేయండి, బ్యాటరీ దగ్గర "నో రిస్ట్రిక్షన్స్" పెట్టండి. ఆండ్రాయిడ్ 13 నుంచి నోటిఫికేషన్‌కు విడిగా అనుమతి ఇవ్వాలి. మొదటిసారి అడిగినప్పుడు "వద్దు" నొక్కి ఉంటే ఏదీ మోగదు. అన్నీ అయ్యాక రెండు నిమిషాల తర్వాతి టైమ్‌కు ఒక అలారం పెట్టి, స్క్రీన్ ఆపి, మోగిందో లేదో కౌంటర్ దగ్గరే చూసి పంపండి.

చదువురానివాళ్లకు యాప్ కన్నా ఫోన్‌లోని గడియారం అలారమే మేలు. "అమ్మా, అన్నం తిన్నంక తెల్ల గోలి ఏసుకో" అని కొడుకో కోడలో మాట రికార్డు చేసి దాన్నే అలారం సౌండ్‌గా పెట్టొచ్చు. అయితే కంపెనీ మార్చి ఇచ్చిన నెల గోలి రంగు మారుతుంది. ఆ రోజే రికార్డింగ్ కూడా మార్చాలి, లేకుంటే పాత గోలి, కొత్త గోలి రెండూ వేసుకుంటారు.

జవాబు 2 (ఫార్మసిస్ట్, మహబూబ్‌నగర్)

అలారం మోగుడు ఒక్కటే సరిపోదు, తప్పు టైమ్‌కు మోగితే ఇంకా ప్రమాదం. చీటీల 1-0-1 (పొద్దుగాల ఒకటి, పగటీలి వద్దు, రాత్రి ఒకటి) అని ఉంటే చానామంది పొద్దుగాల 8, రాత్రి 8 అని పెట్టేస్తరు. పత్తి ఏరనీకి పోయేటోళ్లు సద్ది తినేది పదింటికి. గ్లిమెపిరైడ్ అనే షుగర్ గోలి ఎనిమిదింటికి వేసుకొని తినకుండ చేన్ల వంగితే షుగర్ పడిపోతది: చెమటలు, వణుకు, కండ్లు తిరుగుడు. అందుకే ముందు "ఎన్నింటికి తింటరు?" అని అడిగి, ఆ టైమ్‌కే అలారం పెట్టాలె.

థైరాక్సిన్ (థైరాయిడ్ గోలి) చాయ్ కన్నా ముందు, పరిగడుపున. తర్వాత అరగంట నుంచి గంట దాక ఏమీ తినొద్దు. కాల్షియం, ఐరన్ గోలీలకు దానికి 4 గంటల ఎడం ఉండాలె, రాత్రికి పెడితే గొడవ ఉండదు.

అన్నిటికన్నా భయపడాల్సింది మెథోట్రెక్సేట్. కీళ్ల వాతానికి వారానికి ఒక్కరోజే వేసుకునే మందు. యాప్‌ల మామూలుగా "రోజూ" అనే ఉంటది, దాన్ని మార్చకపోతే నోట్ల పుండ్లు, రక్తకణాలు పడిపోవుడు, ప్రాణానికే ముప్పు. ఏ రోజో (సోమవారం, మంగళవారం లాగ) ఎంచుకొని, అదే పేరు కవర్ మీద తెలుగుల రాయండి.

బయటి దేశాల యాప్‌లల్ల మన కాంబినేషన్ బ్రాండ్లు (ఒకే గోలిల రెండు మూడు మందులు కలిసినవి) చానా వరకు దొరకవు. లోపలి మందుల పేర్లు విడివిడిగ ఎక్కించండి. అప్పుడే ఒకే మెట్‌ఫార్మిన్ (షుగర్ మందు) రెండు స్ట్రిప్పులల్ల ఉన్నది బయటపడతది.

జవాబు 3 (ఫార్మసిస్ట్, అచ్చంపేట)

ఆ వేలి యాప్‌లను బీపీకి అస్సలు నమ్మొద్దు. కెమెరా వెలుతురుల తెలిసేది నాడి వేగం. బీపీ అంకె ఉత్త అంచనా. దండకు (మోచేతి పైభాగానికి) పట్టీ కట్టే మిషన్‌తోనే చూడాలె. 5 నిమిషాలు కూసొని, కాళ్లు నేలకు ఆనించి, మాట్లాడకుండ, నిమిషం ఎడంతో రెండుసార్లు. ఇంట్ల చూసిన సగటు 135/85 లేదా ఆ పైన ఉంటే డాక్టర్‌కు చూపించాలె. గోలి వేసుకుంటుండంగ నార్మల్ వచ్చిందంటే గోలి పనిచేస్తున్నదని అర్థం. ఆపేది, తగ్గించేది డాక్టరే.

అడిగినవారు (దేవరకొండ)

గ్లిమెపిరైడ్ అలారాలన్నీ తినే టైమ్‌కు మారుస్తం. ఒక పూట గోలి మరిస్తే యాప్ "మిస్డ్" అని చూపిస్తది కద, అప్పుడు రెండు కలిపి వేసుకుంటున్నరు. దానికేంది?

జవాబు 1 (నల్లగొండ)

రెండూ కలిపి ఎప్పుడూ వద్దు. రోజుకొకటి వేసుకునే బీపీ గోలి గుర్తొచ్చిన వెంటనే వేసుకోవచ్చు, తర్వాతిదానికి టైమ్ దగ్గరపడితే వదిలేయాలి. గ్లిమెపిరైడ్ మాత్రం తిండి అయిపోయాక గుర్తొస్తే ఆ పూటకు వదిలేయడమే. ఈ మాటను యాప్‌లో ఆ మందు పేరు కింద ఉండే నోట్‌లో తెలుగులో టైప్ చేసి పెట్టండి, అలారంతో పాటే కనిపిస్తుంది. కొత్త మందు మొదలుపెట్టాక దద్దుర్లు, వాపు లాంటివి వస్తే డాక్టర్ దగ్గరికి పంపడంతో పాటు ఫార్మకోవిజిలెన్స్ (మందుల దుష్ప్రభావాలు నమోదు చేసే) హెల్ప్‌లైన్ 1800-180-3024కి తెలపండి. ఆ ఫోన్ పేషెంటైనా చేయొచ్చు, మనమైనా చేయొచ్చు.