ఎన్‌ఎండీసీ: రిజల్ట్స్ ముందు అమ్మాలా, ఉంచాలా?

ప్రశ్న: ప్రభుత్వ ఇనుప ఖనిజం కంపెనీ ఎన్‌ఎండీసీ 2024 డిసెంబర్‌లో ఇచ్చిన బోనస్‌కి (ఉచిత షేర్లకి) ముందు కొన్న షేర్లండి, ఒకటికి రెండు కలిసి ఇప్పుడు మూడింతలయ్యాయి. వార్షిక ఫలితాలు దగ్గరపడుతుంటే టెన్షన్‌గా ఉంది. సగం అమ్మేయమంటారా?

జవాబు 1: ఆదాయం గురించి కంగారు వద్దు. బైలదిల్లా, దోణిమలై గనుల ఉత్పత్తి, అమ్మకాల లెక్క కంపెనీ నెలనెలా చెబుతుంది, ఖనిజం ధర మార్చినప్పుడల్లా స్టాక్ ఎక్స్ఛేంజీకి తెలియజేస్తుంది, ఆ రెండూ కలిపి మీరే సుమారుగా వేసుకోవచ్చు. నేనైతే అమ్మను.

జవాబు 2: ఆదాయం సరే, ఖర్చు సంగతేంటి బ్రదర్? ఖనిజం తవ్వినందుకు ప్రభుత్వానికి కట్టే 15 శాతం రాయల్టీ, దానిపైన గనుల లీజు పొడిగించినందుకు కట్టే ప్రీమియం, ఇవన్నీ పోగా మిగిలేదే మనది. నేను చూసేది మార్జిన్ (అమ్మకాల్లో మిగిలే లాభం శాతం), తుది డివిడెండ్ (ఏడాది లాభంలో చివరగా వాటాదారులకు పంచేది).

జవాబు 3: అమ్మేముందు ట్యాక్స్ చూసుకోండి. బోనస్ షేర్ల కొనుగోలు ధర సున్నా కింద లెక్క, వచ్చిన సొమ్మంతా లాభమే అవుతుంది.

ప్రశ్న అడిగినవారు: అయ్యో, ఇది తట్టనేలేదండి! ఫలితాలొచ్చే దాకా ఉంచుతాను.