‘డిడక్షన్’కు తెలుగు మాట ఏది? హోమ్స్ నోట ‘అనుమానం’ అనిపించవచ్చా?

ప్రశ్న

ఒక షెర్లాక్ హోమ్స్ ధారావాహికకు తెలుగు ఉపశీర్షికలు రాస్తున్నాను. ‘డిడక్షన్’ అన్న మాట దగ్గర వారం రోజులుగా ఆగిపోయాను. నిఘంటువు తీస్తే తగ్గింపు, మినహాయింపు అని ఒక అర్థం కనిపిస్తుంది. అది జీతం లెక్కలకు పనికివచ్చే మాట. నిగమనం అని ఇంకొకటి ఉంది. అది ఆగమన, నిగమన పద్ధతుల పాఠంలోది. తెర మీద రెండు సెకన్లు కనిపించి మాయమయ్యే వాక్యంలో ఎవరికీ అందదు. ‘ఊహ’ అని రాద్దామంటే, 1890లో వచ్చిన ‘ద సైన్ ఆఫ్ ఫోర్’లో హోమ్స్ తాను ఎన్నడూ ఊహించనని, అది ఘోరమైన అలవాటని కచ్చితంగా చెబుతాడు. ‘ఊహ’ పెట్టానంటే ఆ సన్నివేశంలో నా తెలుగును అతనే కొట్టేస్తాడు. ‘అనుమానం’ అనవచ్చునని ఒక స్నేహితురాలు చెప్పింది. కానీ ‘నాది అనుమాన శాస్త్రం’ అని హోమ్స్ అంటే, ప్రతివారినీ శంకించే మనిషిలా వినిపించదా? పెద్దలు చెప్పండి.

జవాబు

అమ్మా, మీ స్నేహితురాలు చెప్పినదే సరైన మాట. మీ భయం కూడా సరైనదే. ఈ రెండూ ఒకే మాటలో ఎలా ఇమిడాయో చూస్తే మీ పని కొంత తేలిక కావచ్చు.

మన పాత తర్కశాస్త్రమైన న్యాయదర్శనంలో ప్రమాణాలు, అంటే తెలుసుకునే దారులు, నాలుగు: ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం. కంటితో చూసి తెలుసుకునేది ప్రత్యక్షం. చూసినదాన్ని పట్టుకుని చూడనిదాన్ని తెలుసుకోవడం అనుమానం. కొండ మీద పొగ కనిపిస్తే అక్కడ నిప్పు ఉందని తేల్చుకోవడం దీనికి పాత ఉదాహరణ. హోమ్స్ చేసే పని అక్షరాలా ఇదే. మరి ఈ మాట తెలుగులోకి వచ్చి శంకగా ఎందుకు మారింది? ‘అనుమానం పెనుభూతం’ అంటాం. పత్రికల్లో ‘అనుమానాస్పద మృతి’, ‘అనుమానితుడు’ అని రోజూ చదువుతాం. అర్థం చెడిపోయిందని చాలామంది బాధపడతారు. నేను అలా అనుకోను.

తెలుగువాడైన అన్నంభట్టు సంస్కృతంలో రాసిన తర్కశాస్త్ర గ్రంథం, తర్కసంగ్రహం, తెరిచి చూడండి. వంటింట్లో పొగనూ నిప్పునూ కలిపి పలుమార్లు చూసినవాడు కొండ దగ్గరికి వెళ్తాడు. అక్కడ నిప్పు ఉందా లేదా అని అతనికి సందేహం కలుగుతుంది. మూలంలో ‘సందిహానః’ అనే ఉంది. ఆ తర్వాత పొగ చూస్తాడు, పొగ ఉన్నచోట నిప్పు ఉంటుందన్న నియమం గుర్తుకు వస్తుంది, నిప్పు ఉందని నిశ్చయించుకుంటాడు. ముందు సందేహం, ఆ వెనుక నిశ్చయం. తెలుగువాళ్లు ఈ ప్రయాణపు చివరి మెట్టు పేరును మొదటి మెట్టుకు పెట్టుకున్నారు, అంతే. డిటెక్టివ్ కథ మొత్తం ఈ రెండు అనుమానాల మధ్యనే నడుస్తుంది: శంకగా మొదలై తీర్పుగా ముగుస్తుంది. ఇంగ్లీషులో దీనికి రెండు మాటలు కావాలి. మనకు ఒక్కటే ఉంది. నాకు ఇది లోపంగా ఎప్పుడూ కనిపించలేదు.

ఇంకో విశేషం చెప్పాలి. న్యాయసూత్రాల్లో అనుమానం మూడు రకాలు. వాటిలో ‘శేషవత్’ అన్నదానికి ఆ సూత్రాల భాష్యకారుడు వాత్స్యాయనుడు ఇచ్చిన రెండో వివరణ పరిశేషం: ఉండదగినవాటిని ఒక్కొక్కటిగా నిరాకరించగా మిగిలినదాన్ని గ్రహించడం. ‘ద సైన్ ఆఫ్ ఫోర్’లోనే హోమ్స్ అనే ప్రసిద్ధ వాక్యం తలచుకోండి. అసాధ్యమైనవన్నీ తీసివేశాక మిగిలింది ఎంత నమ్మశక్యం కాకపోయినా అదే సత్యం అంటాడు. మిగిలినది అంటే శేషం. ఆ వాక్యం మీ ధారావాహికలో వస్తే ‘శేషం’ అన్న మాట వదులుకోకండి.

ఇక తెర సంగతి. శంక అనే అనుమానాన్ని చూపించడం తేలిక. మెట్ల మీద ఒక నీడ, సగం తెరిచిన తలుపు, కాస్త సంగీతం చాలు. గుమ్మడికాయల దొంగ అనగానే భుజాలు తడుముకునే ముఖాలను కెమెరా వరసగా చూపిస్తుంది. తర్కసంగ్రహంలోని అనుమానం మాత్రం మనిషి తలలో జరుగుతుంది. దాన్ని బయటికి తేవడంలోనే నటులూ దర్శకులూ వేరుపడతారు. శాస్త్రంలో దీనికీ పేర్లున్నాయి. తనకోసం చేసుకునేది స్వార్థానుమానం, ఎదుటివాడికి నచ్చజెప్పేది పరార్థానుమానం. రెండోదానికి ప్రతిజ్ఞ (నిరూపించదలచిన మాట), హేతువు, ఉదాహరణ, ఉపనయం (అన్వయం), నిగమనం (చివరి తీర్మానం) అని అయిదు అవయవాలు ఉంటాయి. డేవిడ్ సూషే 1989 నుంచి 2013 వరకు, 70 భాగాల్లో అగాథా క్రిస్టీ డిటెక్టివ్ ఎర్క్యూల్ పొయిరోగా నటించాడు. కథ చివర అందరినీ ఒక గదిలో కూర్చోబెట్టి ఆయన చేసేది పరార్థానుమానమే. హేతువు చూపిస్తాడు, నియమం చెబుతాడు, దాన్ని ఈ హత్యకు అన్వయిస్తాడు, అప్పుడు వేలు చూపిస్తాడు. ఒక్క అవయవం దాటవేసినా గదిలో ఎవరో ఒకరు అడ్డుపడతారు.

స్వార్థానుమానాన్ని తెర మీద చూపించగలిగినవాడు నా దృష్టిలో జెరెమీ బ్రెట్ ఒక్కడే. 1984 నుంచి 1994 వరకు వచ్చిన ఆ హోమ్స్‌ను ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు. ఎదుటివాళ్లు మాట్లాడుతుంటే ఆయన ముఖం నిశ్చలంగా ఉంటుంది, కళ్లు సగం మూసుకుని ఉంటాయి, ఏదో ఒక్క మాట దగ్గర పెదవి చివర చిన్న కదలిక. నియమం గుర్తుకు వచ్చిన క్షణం అదే. సంభాషణ లేదు, మీరు ఉపశీర్షిక రాయనక్కరలేదు. 2010లో మొదలైన బెనెడిక్ట్ కంబర్‌బ్యాచ్ ధారావాహికలో దీనికి ఇంకో దారి ఎంచుకున్నారు: అక్షరాలనే తెర మీద తేలించారు. మొదటి భాగంలో గులాబీరంగు దుస్తుల్లో చనిపోయి పడి ఉన్న స్త్రీని పరీక్షిస్తుంటే తడి, పొడి, శుభ్రం, మురికి అన్న మాటలు గాలిలో కనిపిస్తాయి. చూడటానికి ఎంతో బాగుంది. కానీ అవి హేతువులూ తీర్మానాలూ మాత్రమే. ఉంగరం లోపలివైపు శుభ్రంగా, పైన మాసి ఉంటే ఏమిటి? తరచూ తీస్తుంటుందన్న తీర్మానం అక్షరాల్లోనే వస్తుంది, ఎందుకలా అన్న నియమం మాత్రం హోమ్స్ నోట వేగంగా దొర్లిపోతుంది. పొగ చూపించి వంటింటిని దాచినట్టు నాకు అనిపిస్తుంది.

మరొకరి స్పందన

మేష్టారూ, మీరు చెప్పినదంతా ఒప్పుకుంటాను. అయితే ఆ అమ్మాయి ఇబ్బంది తీరలేదు. తర్కసంగ్రహం చదవని ప్రేక్షకుడికి ‘అనుమానం’ శంకే. ఉపశీర్షిక కింద వివరణ రాయడానికి చోటు లేదు కదా.

నా మనవి ఏమిటంటే, మనం నామవాచకం కోసం వెతుకుతున్నాం. తెలుగు ఈ పనిని క్రియలో దాచుకుంది. కిటికీ తెరిచి తడిసిన నేల చూసి ఏమంటాం? ‘వాన పడినట్టుంది’ అంటాం. పడుతుండగా చూడలేదు, గుర్తు చూసి చెబుతున్నాం. ‘వాన పడింది’ ప్రత్యక్షం, ‘వాన పడినట్టుంది’ అనుమానం. చిన్నపిల్లలు కూడా తప్పు లేకుండా వాడతారు.

1887లో వచ్చిన ‘ఎ స్టడీ ఇన్ స్కార్లెట్’లో హోమ్స్ వాట్సన్‌ను మొదటిసారి చూసి చెప్పే మాట గమనించండి. మీరు అఫ్గానిస్తాన్‌లో ఉండి వచ్చారని ‘పర్సీవ్’ చేస్తున్నాను అంటాడు. అంటే అనుమానానికి ప్రత్యక్షం పేరు పెట్టాడు! ఎండకు కమిలిన ముఖం, తెల్లగా ఉన్న మణికట్టు, బిగుసుకుపోయిన ఎడమ చేయి ఇవన్నీ కలిపి తేల్చినదాన్ని కళ్లారా చూసినట్టే చెబుతాడు. అక్కడ ‘మీరు అఫ్గానిస్తాన్ వెళ్లివచ్చినట్టున్నారు’ అని రాస్తే సరిపోతుంది. శాస్త్రం పేరు అక్కరలేదు.

అగాథా క్రిస్టీ సృష్టించిన ముసలి డిటెక్టివ్ మిస్ మార్పుల్‌కైతే ఇది ఇంకా బాగా అమరుతుంది. ఆమె ప్రతి హంతకుడిలోనూ తన గ్రామంలో తనకు తెలిసిన ఎవరో ఒకరిని చూస్తుంది. ఉపమాన ప్రమాణానికి ఆమే ఉదాహరణ అనిపిస్తుంది నాకు. 1984 నుంచి 1992 వరకు ఆ పాత్ర ధరించిన జోన్ హిక్సన్ తల వంచుకుని, అల్లికలో చూపు నిలిపి, సంకోచిస్తున్నట్టే మాట్లాడుతుంది. ఆ గొంతుకు ‘-నట్టుంది’ తప్ప ఇంకేమీ కుదరదు. 1961 నుంచి 64 దాకా సినిమాల్లో మార్గరెట్ రూథర్‌ఫర్డ్ వేసిన మార్పుల్ వేరు. ఆమె తలుపులు తోసుకుని లోపలికి వస్తుంది. అగాథా క్రిస్టీ 1962లో ఒక నవలను రూథర్‌ఫర్డ్‌కు అంకితం ఇచ్చింది, ఆ నటిని నేనూ ఇష్టపడతాను, కానీ ఆ మార్పుల్ మాట ‘-నట్టుంది’లో ఇమడదు.

జవాబు

ఎంత మంచి మాట చెప్పారు! ‘-నట్టుంది’ నాకు తట్టనే లేదు. నలభై ఏళ్లుగా తెలుగు గురించి మాట్లాడుతున్నాను, రోజూ నోట్లో ఉన్న ప్రత్యయం కంటికి కనిపించలేదు.

ఒక చిన్న సవరణ. మార్పుల్‌ది ఉపమానం కాదు. న్యాయంలో ఉపమానం పరిధి చిన్నది: ఆవులాంటి జంతువు గవయం అని విన్నవాడు అడవిలో దాన్ని చూసి గవయం అన్న పేరు దీనిదే అని తెలుసుకోవడం. పోలికతో హంతకుడిని పట్టడం అనుమానంలోని ఉదాహరణ అనే అవయవానికి చెందుతుంది. ఆమెకు ఆ గ్రామమే వంటిల్లు.

హోమ్స్ విషయంలో మాత్రం మీతో పూర్తిగా ఏకీభవించలేను. ‘వాన పడినట్టుంది’లో కొంచెం జంకు ఉంది. పడకపోయి ఉండవచ్చు, ఎవరో నీళ్లు చల్లి ఉండవచ్చు అన్న అవకాశాన్ని మనం వదిలిపెడతాం. హోమ్స్ అలా వదలడు. జంకు లేని అనుమానానికీ తెలుగులో ఒక మాట ఉంది, అది ‘అన్నమాట’. ‘అఫ్గానిస్తాన్ వెళ్లివచ్చారన్నమాట.’ గుర్తులన్నీ చూశాను, తేల్చాను, ఇక మీరు కాదనడానికి లేదు అన్న ధ్వని అందులో ఉంది. ‘-నట్టుంది’ సందిహానుడి మాట, ‘అన్నమాట’ నిగమనం. ఈ రెండింటి మధ్య దూరమే కథ. 2010 ధారావాహికలో అదే సన్నివేశాన్ని ‘అఫ్గానిస్తానా, ఇరాకా?’ అని ప్రశ్నగా మార్చారు. కాలానికి తగిన మార్పే. అయితే అక్కడ సగం తేల్చి సగం అడుగుతున్నాడు కాబట్టి ‘అన్నమాట’ పెట్టకూడదు.

మాటల పట్టింపు ఉన్న డిటెక్టివ్ ఇంకొకడు ఉన్నాడు, బెంగాలీ రచయిత శరదిందు బందోపాధ్యాయ సృష్టించిన బ్యోమ్‌కేశ్ బక్షీ. అతనికి డిటెక్టివ్ అన్న మాట నచ్చదు. బెంగాలీలో వాడే ‘గోయెందా’ ఇంకా నచ్చదు. తనకు తాను ‘సత్యాన్వేషి’ అని పేరు పెట్టుకున్నాడు. తెలుగువాడికి నిఘంటువు అక్కరలేని మాట. 1993లో దూరదర్శన్‌లో రజిత్ కపూర్ ఆ పాత్రను చేసినప్పుడు గొంతు పెంచకుండా, పక్కింటి మనిషిలా చేశాడు. వెతికేది దొంగను కాదు, సత్యాన్ని అన్న నెమ్మది ఆ నటనలో ఉంది. 2015లో వచ్చిన హిందీ సినిమా పేరులోనే బ్యోమ్‌కేశ్ ముందు ‘డిటెక్టివ్’ అని తగిలించారు. అతను ఏ మాట వద్దన్నాడో అదే నెత్తిన పెట్టారు. ఆ సినిమాలోని పాత కలకత్తాను మెచ్చుకుంటాను, ఆ పేరును మాత్రం నేటికీ క్షమించలేకపోతున్నాను.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ నమస్కారాలు. నిన్న రాత్రి కూర్చుని మొదటి భాగం మొత్తం తిరగరాశాను. హోమ్స్ ఇంకా వెతుకుతున్న చోట్ల ‘-నట్టుంది’, తేల్చిన చోట ‘అన్నమాట’ పెట్టాను. వరసగా చదువుతుంటే ఏ క్షణంలో అతనికి తెలిసిపోయిందో వాక్యం చివరే చెప్పేస్తోంది. ‘డిడక్షన్’ అన్న నామవాచకం తప్పనిసరిగా కావలసిన మూడు చోట్ల ‘తర్కం’ అని రాశాను. ఒక్కచోట మాత్రం, వాట్సన్ ‘మీకు అతని మీద అనుమానమా?’ అని అడిగినప్పుడు, హోమ్స్ చేత ‘అనుమానమే’ అనిపించాను. అడిగినవాడిది ఒక అర్థం, చెప్పినవాడిది మరొకటి. మూలంలో లేని ఆ చమత్కారం ఉంచవచ్చా, తీసివేయాలా?

జవాబు

ఉంచండి. తీయకండి.

మరొకరి స్పందన

నాదీ అదే మాట. ఇంకొక్క విషయం. ‘ఎలిమెంటరీ, మై డియర్ వాట్సన్’ కావాలని ప్రేక్షకులు అడుగుతారు. హోమ్స్ సృష్టికర్త డాయల్ రాసిన 60 కథల్లో ఎక్కడా ఆ వాక్యం ఆ రూపంలో లేదు. 1893 నాటి ‘ద క్రుకెడ్ మ్యాన్’లో ‘ఎలిమెంటరీ’ అన్న ఒక్క మాట మాత్రం ఉంది. వాట్సన్ ‘అద్భుతం!’ అంటాడు, దానికి జవాబుగా వస్తుంది. అక్కడ ‘ప్రాథమికం’ అని రాయకండి. ‘ఇందులో ఏముంది’ అని రాయండి.

ప్రశ్న అడిగినవారు

‘ఇందులో ఏముంది, వాట్సన్.’ రాసుకున్నాను.