పాత వ్యాగన్ఆర్ తీసేసి ఏం కొనాలి? అసలు నా ఒక్క కారుతో ఎండలు తగ్గుతాయా?

మందుల షాపు మామ, ప్రొద్దుటూరు

అందరికీ నమస్కారం. చాన్నాళ్లుగా ఇక్కడ చదవడమే తప్ప రాసింది లేదు. ఇంట్లో పంచాయితీ తెగడం లేదు కాబట్టి మీ ముందు పెడుతున్నా.

మాది ప్రొద్దుటూరు. కింద మందుల షాపు, పైన ఇల్లు. 2012 మోడల్ పెట్రోల్ వ్యాగన్ఆర్ ఉంది. ఇంజిన్‌కు ఢోకా లేదు. డోర్ల కింద తుప్పు మొదలైంది, ఏసీ మే నెలలో పేరుకే. 2027లో ఆర్‌సీ రెన్యువల్‌కు పోవాలి, అక్కడ ఫిట్‌నెస్ అంటారు, అదొక తిరుగుడు. బండి తిరిగేది మాత్రం తక్కువే, ఏడాదికి ఆరేడు వేల కిలోమీటర్లు. కడపలో హోల్‌సేల్ వాళ్ల దగ్గరికి, పెళ్లిళ్లకు, అమ్మను డాక్టరు దగ్గరికి తీసుకుపోవడానికి, ఏడాదికోసారి తిరుమలకు. మిగతా రోజులంతా షాపు ముందర ఎండలో నిలబడి ఉంటుంది.

మా బావమరిది మాట ఒకటే: “ఇంకా ఆ డబ్బా ఏంది బావా, సెల్టోస్ డీజిల్ తీసుకో. మన పెనుకొండలోనే తయారవుతుంది, మన సీమ బండి.” పెళ్లి మండపం ముందు దిగితే నలుగురూ చూడాలంట. పాప బెంగళూరులో ఇంజనీరింగ్ చదువుతోంది. ఆమె ఇంకో రకం. “నాన్నా, నువ్వు డీజిల్ ఎస్‌యూవీ కొంటే నేను దాంట్లో ఎక్కను. బస్సులో వస్తా” అని ఫోన్ పెట్టేసింది.

మళ్లీ చేసి నేనూ గట్టిగానే అడిగా. “ఏమ్మా, ఎర్రగుంట్ల దాటి ముద్దనూరు పోతుంటే ఆర్‌టీపీపీ చిమ్నీలు కనపడతాయి కదా. 1650 మెగావాట్ల బొగ్గు ప్లాంటు. కరెంటుతో నడిచే ఈవీ కొన్నా నేను దాంట్లో పోసేది ఆ పొగే కదా? చుట్టుపక్కల సిమెంటు ఫ్యాక్టరీలు రాత్రీ పగలూ నడుస్తుంటాయి. వాటి మధ్య నా కారు ఒక లెక్కా?” అన్నా. దానికి పాప, “పక్క షాపువాడు ఎక్స్‌పైరీ మందు అమ్ముతున్నాడని నువ్వు అమ్ముతావా నాన్నా?” అంది. ముప్పై ఏళ్లుగా షాపు నడుపుతున్నవాణ్ణి పట్టుకుని ఈ మాట అంటే ఏం చెప్పాలి? కట్ చేసి టీ తాగా.

ఎండ సంగతి నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. స్ట్రిప్పుల మీద 25 డిగ్రీలకు లోపల, 30 డిగ్రీలకు లోపల పెట్టమని రాసి ఉంటుంది. ఇక్కడ ఏప్రిల్ వస్తే బయట 40 దాటుతుంది. ఇన్సులిన్‌కు ఫ్రిజ్ ఉందిగానీ, సపోజిటరీలు కవర్లోనే మెత్తబడిపోతుంటే షాపుకు ఏసీ పెట్టించక తప్పలేదు. పొద్దున తెరిచింది మొదలు మూసేదాకా అది ఆడుతూనే ఉంటుంది.

ఇంతకీ అడిగేది ఏమంటే, నా వాడకానికి పెట్రోలు, డీజిలు, ఈవీల్లో దేనితో గాలిలోకి పోయేది తక్కువ? నిజంగా లెక్క కట్టిన వాళ్లు చెప్పండి. రెండోది, ఇది నేను పట్టించుకోవాల్సిన విషయమేనా, లేక ప్రభుత్వాలు చూసుకోవాల్సిందా? బావమరిది కూడా ఇది చదువుతాడు, కాస్త మర్యాదగా రాయండి.

*

సీమ స్టీరింగ్, కడప

నమస్తే సార్. టియాగో ఈవీ పెద్ద బ్యాటరీది ట్యాక్సీకి తిప్పుతున్నా. ఊళ్లో తిరిగేవాడికి దీన్ని మించింది లేదు. యూనిట్‌కు ఏడు, ఎనిమిది కిలోమీటర్లు వస్తుంది. ఏసీ ఫుల్లు పెట్టి హైవేలో తొక్కితే అంత రాదు, ఉన్నమాట చెప్తున్నా. కడప నుంచి తిరుపతికి ఒక్క ఛార్జింగ్‌తో పోతా. తిరుగు ప్రయాణానికి అక్కడ పెట్టుకోవాల్సిందే.

రాయచోటి పోయేటప్పుడు గువ్వలచెరువు ఘాట్‌లో పర్సెంటేజీ చూస్తుండగానే పడిపోతుంది, టెన్షన్ పుడుతుంది. వచ్చేటప్పుడు అదే ఘాట్‌లో దిగుతుంటే కాలు బ్రేకు మీదికి పోకుండానే బండి తనంతట తాను ఆగుతూ బ్యాటరీలోకి కొంచెం కరెంటు ఎక్కించుకుంటుంది. డీజిల్ బండి నడిపినన్నాళ్లూ ఆ దిగుడంతా బ్రేకులు కాల్చడానికే సరిపోయేది.

పొగ లెక్కలు నాకు తెలియవు, చదువుకున్నోళ్లు చెప్తారు.

*

లైన్‌మన్ కొడుకు, ఎర్రగుంట్ల

మామా, నేను కరెంటోళ్ల ఇంట్లో పుట్టినవాణ్ణి, ఆ చిమ్నీలు మా మేడ మీదికి కనపడతాయి. కాబట్టి ముందు అదే తేల్చేద్దాం. మీ ప్లగ్గులోకి వచ్చేది ఆర్‌టీపీపీ కరెంటే అనుకోవద్దు. గని, శకునాల దగ్గర 1000 మెగావాట్ల సోలార్ పార్కు, శ్రీశైలం, గాలిమరలు, వేరే రాష్ట్రాల ప్లాంట్లు అన్నీ ఒకే గ్రిడ్‌లో కలుస్తాయి. బొగ్గు ప్లాంటులో యూనిట్‌కు దాదాపు కిలో కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. అన్నీ కలిపి దేశం మొత్తం సగటు తీస్తే యూనిట్‌కు 0.7 కిలో చిల్లర.

ఇప్పుడు మీ కారు. లీటరు పెట్రోలు కాలిస్తే 2.3 కిలోలు, లీటరు డీజిలుకు 2.7 కిలోలు. మీ వ్యాగన్ఆర్ లీటరుకు 15 ఇస్తుందనుకుంటే ఏడాదికి ఒక టన్ను. డీజిల్ ఎస్‌యూవీ కూడా అంతే మైలేజీ ఇచ్చిందనుకోండి, టన్నుంపావుకు దగ్గర పడుతుంది. చిన్న ఈవీ అయితే ఆరేడు వందల కిలోలు. అంటే ఈవీతో మీకు మిగిలేది ఏడాదికి మూడు వందల కిలోల చిల్లరే, ఎందుకంటే మీరు తిరిగేదే తక్కువ. పైన రాసిన ట్యాక్సీ అన్నకు మీకన్నా ఎన్నో రెట్లు మిగులుతుంది.

బ్యాటరీ తయారీలో కూడా పొగ ఉంది. 24 యూనిట్ల బ్యాటరీకి టన్నున్నర నుంచి రెండు టన్నుల దాకా వేసుకోవచ్చు. మీ తిరుగుడుకు ఆ బాకీ తీరడానికే ఐదారేళ్లు. అసలు ఏ కారైనా కొత్తది ఫ్యాక్టరీ గేటు దాటేలోపు కొన్ని టన్నులు వదిలే వస్తుంది. మీ పాత బండి అమ్మితే మాయమైపోదు, కొన్నవాడు మీకంటే ఎక్కువే తిప్పుతాడు. అయితే మీ బండి మధ్యాహ్నమంతా షాపు ముందర ఊరికే నిలబడే ఉంటుంది అన్నారు కదా. ఈవీ కొంటే అప్పుడే పెట్టుకోండి. ఎండ పూట గ్రిడ్‌లో సోలార్ నిండుగా ఉంటుంది. రాత్రి తొమ్మిదికి పెడితే అందులో ఎక్కువ భాగం బొగ్గు కరెంటే.

కానీ మీ పోస్టులో నన్ను ఆపింది కారు కాదు, ఆ షాపు ఏసీ. టన్నున్నర ఏసీ పదకొండు గంటలు ఆడితే రోజుకు సుమారు పది యూనిట్లు. ఏడాదిలో మూడు వందల రోజులు అనుకుంటే రెండు టన్నుల పొగ. కారుకు రెండింతలు! ఇంట్లో గొడవ ఒక టన్ను గురించి, రెండు టన్నులది తలమీదే ఆడుతోంది. ఆపమని అనడం లేదు, మందులు పాడవుతాయి.

మీ మేడ మీద 3 కిలోవాట్ల సోలార్ పెడితే మన ఎండకు రోజుకు పన్నెండు యూనిట్లకు తగ్గదు. ఏడాదికి నాలుగు వేలు దాటుతుంది, పొగలో చెప్పాలంటే మూడు టన్నులు. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్‌లో 3 కిలోవాట్లకు 78,000 సబ్సిడీ ఉంది. అది ఇంటి మీటరుకే ఇస్తారు, షాపు మీటరుకు రాదు. పైన ఇల్లే కాబట్టి మీకు ఇబ్బంది లేదు. ఏ మీటరు దగ్గర తయారైందన్నది గ్రిడ్‌కు పట్టదు. సెల్టోస్‌కు పెట్టే డబ్బులో ఇది ఎన్నో వంతో మీరే చూసుకోండి.

*

కొండారెడ్డి బురుజు, కర్నూలు

ఇదంతా మధ్యతరగతి నెత్తిన పెట్టే బరువు. మనిషి తన పొగ తాను లెక్కేసుకునే కాలిక్యులేటర్‌ను 2004లో జనం మధ్యకు తెచ్చింది ఎవరో తెలుసా? బీపీ. భూమిలోంచి చమురు తోడి అమ్మే కంపెనీ! తోడేది వాళ్లు, లెక్కలు మనం వేసుకోవాలి, పడుకునే ముందు బాధపడాలి. మామగారూ, మీకు నచ్చింది కొనుక్కోండి. ఓటు అడగడానికి వచ్చినప్పుడు మాత్రం మా ఊరికి బస్సులు పెంచమని అడగండి.

*

ఊడల కాలం, కళ్యాణదుర్గం

అందరూ చదువుకున్నవాళ్లే ఉన్నారు, నేనూ ఒక మాట చెప్తా. మాది వేరుశనగ. జూన్, జూలైల్లో నాలుగు చినుకులు పడితే విత్తనం వేస్తాం. పూత బాగానే వస్తుంది. కాయ కట్టే ఊడలు భూమిలోకి దిగే టయానికి వాన మొహం చాటేస్తుంది. నేల గట్టిపడితే ఊడ దిగదు, దిగినా కాయలో పప్పు ఉండదు. పీకి చూస్తే చెట్టు నిండా కట్టె, కింద లొట్ట కాయలు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లా ఇది, ఆ పడేదీ ఒకేసారి కుమ్మరించి పోతే రైతుకు ఏం మిగులుతుంది?

కరువంతా కార్ల వల్లే వచ్చిందని నేను అనను. 1876-78 నాటి ధాత కరువు కాలానికి ఈ దేశంలో కార్లే లేవు. కాకపోతే 1901 నుంచి 2018 దాకా దేశం సగటున 0.7 డిగ్రీలు వేడెక్కిందని ప్రభుత్వ నివేదికే చెప్పింది. అసలే అంచు మీద బతికే పంట, ఆ కాస్త వేడి కూడా తట్టుకోదు.

కర్నూలు అన్న చెప్పింది బాగుంది. కానీ మామా, “నా ఒక్క కారు ఒక లెక్కా” అనే మాట మా ఊళ్లో ఎవరన్నా అంటే చెల్లుతుంది. మాకుండేవి బైకులు, బోరు మోటార్లు. ఏ కారు కొనాలా అని ఆలోచించేవాళ్లు అంటే ఎట్ల చెల్లుతుంది? ఈ దేశంలో మనిషికి ఏడాదికి సగటున రెండు టన్నులు. అమెరికావాడికి 14 దరిదాపు. మీ కారు, ఏసీ కలిపితేనే మూడుకు చేరింది. వాడి పక్కన నిలబడితే మీరు చిన్నోళ్లు, నా పక్కన నిలబడితే పెద్దోళ్లు. ఎవరి పక్కన నిలబడి మాట్లాడుతున్నారో చూసుకోండి, అంతే. తప్పుగా అనుకోవద్దు.

*

మందుల షాపు మామ, ప్రొద్దుటూరు

తప్పుగా ఏమీ అనుకోలేదప్పా. అయితే ఒక సవరణ. షాపు ఏసీ మొత్తం నా ఒక్కడి ఖాతాలో రాయొద్దు. ఆ చల్లదనం బీపీ మాత్ర కొనే ప్రతివాడిదీ. మూడులోంచి ఒక టన్నుకు మాత్రం నేను జవాబుదారీ, మిగతాది ఊరంతా పంచుకోవాలి. ఈ బేరం మీరు ఒప్పుకోరని తెలుసు, అయినా షాపువాణ్ణి కదా, అడిగి చూడాలి.

కర్నూలు తమ్ముడూ, బస్సుల గురించి నువ్వన్నది మా ఇంట్లో ఇప్పటికే అమలవుతోంది. ఆడవాళ్లకు ఉచిత బస్సు పథకం స్త్రీ శక్తి మొదలైనప్పటి నుంచి మా ఆవిడ కడపకు నా కారు ఎక్కడం మానేసింది. టికెట్ లేదు, పక్కన మాట్లాడేందుకు మనుషులుంటారు, నాతో అయితే దారి పొడుగునా హోల్‌సేల్ ధరలు వినాలంట. తిరుమలకు కూడా కారు అలిపిరిలో పెట్టి ఎలక్ట్రిక్ బస్సులో కొండెక్కుదామని ఆమే అంటోంది. అవి 2022 నుంచే తిరుగుతున్నాయంట కదా, నేనే గమనించలేదు.

డీజిల్ మాత్రం వద్దనుకున్నా. లైన్‌మన్ కొడుకు లెక్క చూశాక ఎస్‌యూవీ మీద మోజు పోయిందని చెప్పను, మండపం ముందు దిగాలని నాకూ ఉంటుంది. కానీ ఏడాదికి ఆరేడు వేల కిలోమీటర్లకు అంత బండి ఎందుకనేది బావమరిది కూడా చెప్పలేకపోయాడు. చదివి “సరే బావా, సోలార్ పెట్టించు, ఫోటో బాగుంటుంది” అన్నాడు. వ్యాగన్ఆర్‌కు తుప్పు గీకించి, ఏసీ గ్యాస్ నింపించి 2027 దాకా లాగుతా. ఆ తర్వాత చిన్న ఈవీ సంగతి చూద్దాం. పాపకు చెప్తే, “అప్పటికి నాకు ఉద్యోగం వస్తుంది, సగం నేనిస్తా” అంది. రాసి పెట్టుకున్నా.

ఇప్పుడు అసలు డౌటు, సోలార్ ప్యానెళ్ల మీద నీడ గురించి. మేడ మీద వెయ్యి లీటర్ల ట్యాంకు ఇటుక దిమ్మె మీద ఎత్తులో ఉంది, మెట్ల గది కూడా అక్కడే. సోలార్ పెట్టే ఒకతను వచ్చి చూసి ఏం పర్వాలేదు, పెట్టేద్దాం అన్నాడు. అంత తొందరగా పర్వాలేదన్నాడంటేనే నాకు అనుమానం.

*

లైన్‌మన్ కొడుకు, ఎర్రగుంట్ల

మీ అనుమానం నిజమే మామా. వరసలో ఒక్క ప్యానెల్ మీద నీడ పడినా ఆ వరస మొత్తం కరెంటు తగ్గే అవకాశం ఉంది. ట్యాంకు, మెట్ల గది ప్యానెళ్లకు ఉత్తరం వైపు ఉంటే పెద్దగా దిగుల్లేదు, మన దగ్గర చలికాలం నీడ ఉత్తరానికే పొడుగ్గా పడుతుంది. దక్షిణం వైపు ఉంటే మాత్రం ట్యాంకు జరిపించాలి, లేదా స్టాండు ఎత్తు పెంచమని అడగాలి. పొద్దున తొమ్మిదికి, మధ్యాహ్నం పన్నెండుకు, సాయంత్రం నాలుగుకు మేడ ఫోటోలు తీసి ఇక్కడ పెట్టండి. అడ్వాన్సు మాత్రం అప్పటిదాకా ఇవ్వొద్దు.