వేలిముద్ర పడని రైతుకు దారేది?

పరకాల రైతు బిడ్డ: నలభై ఏళ్లుగా పత్తి ఏరి, మిరప కోసి మా నాన్న వేళ్ల గీతలు అరిగిపోయాయి. పీఎం కిసాన్ సాయానికి ఈ-కేవైసీ, అంటే ఆధార్‌తో గుర్తింపు రుజువు, కోసం మూడుసార్లు బస్సెక్కించాను. మూడుసార్లూ యంత్రం ఒప్పుకోలేదు. ఓటీపీతో చేద్దామంటే, ఆధార్‌కు ఇచ్చిన నంబరు ఎప్పుడో పోయిన మీటల ఫోనుది. ఏడాదికి 6,000 రూపాయలే కావచ్చు, విత్తనాల వేళ మాకు అదే ఆసరా. "నేను బతికే ఉన్నానని ఆ డబ్బాకు ఎవరు చెప్పాలి?" అంటున్నారు నాన్న. ఏం చేయమంటారు?

హనుమకొండ వాసి: పీఎం కిసాన్ యాప్‌లో 2023 నుంచి ముఖం చూసి గుర్తించే పద్ధతి ఉందండి. ఓటీపీ, వేలిముద్ర అక్కర్లేదు. ఒక రైతు తన ఫోనులో మరో 100 మందికి చేసిపెట్టవచ్చు.

ఏటూరునాగారం టీచరు: యాప్ సరే, సిగ్నల్ మాటేమిటి? 2020లో బడులు మూసినప్పుడు ప్రభుత్వ పాఠాల చానల్ టీ-శాట్‌లో, దూరదర్శన్‌లో పాఠాలు చెప్పారు. టీవీ లేని మా పిల్లలు ఫోను పట్టుకుని గుట్ట ఎక్కేవారు. ఆ ఫోనూ అన్నదమ్ముల్లో ఒకరికే!

పరకాల రైతు బిడ్డ: పొరుగు రైతు ఫోనులో పని అయింది! ఎండలో కళ్లు చికిలిస్తే ఒప్పుకోలేదు, వేపచెట్టు నీడలో రెప్ప వేయగానే తీసుకుంది. రేపు పక్కింటి పెద్దమ్మ వంతు.